మద్రాసు డార్క్‌రూమ్, రామచంద్రన్ గారి పటం

మొన్న ఆదివారం మా కోడలు పిల్లలకి నూడుల్స్ చేస్తూ వినిగర్ సీసా మూత తీసింది. హాల్లో పేపరు చదువుకుంటున్న నాకు ఆ పుల్లటి ఘాటు తగిలిందో లేదో, మద్రాసులో మా డార్క్‌రూమ్ కళ్ళ ముందుకొచ్చేసింది. ఎర్ర బల్బు, వరసగా మూడు ట్రేలు, తలుపు వెనక మేకుకి వేలాడే నల్ల ఏప్రాను.

మొదటి ట్రేలో బొమ్మని తేల్చే డెవలపరు, చివరిదాన్లో తేలిన బొమ్మని నిలిపే హైపో. మధ్య ట్రేలో ఎసిటిక్ ఆసిడ్ కలిపిన నీళ్ళు. డెవలపర్లోంచి తీసిన ఫిలిమ్‌ని అందులో ఒకసారి ముంచితే డెవలపరు పని అక్కడితో ఆగిపోతుంది. వినిగర్‌లో ఉండేదీ ఆ ఆసిడే. సాయంత్రం హాస్టల్‌కి వెళ్ళి కుంకుడుకాయలతో తలంటుకున్నా ఆ వాసన జడలోంచి పోయేది కాదు. మా రూమ్మేటు నన్ను "ఊరగాయ జాడీ" అనేది. ఆ పేరు హాస్టలంతా పాకింది.

"ఏంటి అత్తయ్యా, అలా ఉండిపోయారు?" అంది కోడలు. చెప్పడం మొదలుపెడితే నూడుల్స్ ముద్దయిపోతాయని ఊరుకున్నాను. ఇక్కడ రాసుకుంటే ఎవరికీ ఏమీ మాడవు కదా.

*

మాది నెల్లూరు దగ్గర ఊరు. మా వైపు వాళ్ళకి మద్రాసు పరాయి ఊరు కాదు. పెద్దాసుపత్రికైనా, పెళ్ళి చీరలకైనా, ఊరికే బీచి చూడ్డానికైనా రైలెక్కి మద్రాసే పోయేవాళ్ళం. అందుకే ఎమ్మెస్సీ ఫిజిక్స్ అయ్యాక గిండీలో ఒక క్రిస్టలోగ్రఫీ ల్యాబులో, అంటే స్ఫటికాల లోపలి నిర్మాణాన్ని ఎక్స్‌రేలతో తేల్చే చోట, రీసెర్చికి సీటు దొరికిందంటే నాన్న పెద్దగా బెట్టు చెయ్యలేదు. అమ్మ మాత్రం "ఎక్స్‌రే" అన్న ఒక్క ముక్క పట్టుకుని వీధంతా చాటింపు వేసింది. సెలవులకి ఇంటికొచ్చిన మర్నాడే ఎదురింటి తాతగారు తన ఛాతీ ఎక్స్‌రే కవరు పట్టుకొచ్చి, "చూడమ్మా, ఈ మచ్చ పాతదా కొత్తదా?" అని అడిగారు. మేము తీసే ఎక్స్‌రేలు మనుషులవి కావని, ఆవగింజలో పావు వంతు కూడా ఉండని స్ఫటికాలవని చెప్తే, "దానికి జబ్బేమిటి?" అన్నారు ఆయన.

నేను చేరేసరికి, మా డిపార్ట్‌మెంటుని నిలబెట్టిన ఫిజిక్స్ ప్రొఫెసరు జి.ఎన్. రామచంద్రన్ గారు మద్రాసు యూనివర్సిటీ వదిలి బెంగళూరు వెళ్ళిపోయారు. ఆయనతో ఒక్క మాట మాట్లాడే అవకాశం నాకెప్పుడూ రాలేదు. కానీ గిండీలో ఆయన ప్రస్తావన లేకుండా ఒక పూట గడిచేది కాదు. అందరూ జి.ఎన్.ఆర్. అనేవాళ్ళు. సీనియర్లకి ఆయన పేరు ఎత్తితే చాలు, టీ చల్లారిపోయేది. కాంటీన్‌లో నేను విన్నవీ, తర్వాత చదువుకున్నవీ ఇప్పుడు నా బుర్రలో ఒకటిగా కలిసిపోయాయి.

ఆయన పుట్టింది ఎర్నాకుళంలో, 1922 అక్టోబరు 8న. తండ్రి లెక్కల ప్రొఫెసరు. తిరుచ్చిలో సెయింట్ జోసెఫ్స్ కాలేజీలో ఫిజిక్స్ చదివి, 1942లో బెంగళూరులో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో చేరింది ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్‌కి. అక్కడ సి.వి. రామన్ గారి కన్ను పడింది. ఈ కుర్రాడు మీ డిపార్ట్‌మెంటుకి అక్కర్లేనంత తెలివైనవాడు అని చెప్పి రామన్ గారు ఆయన్ని ఫిజిక్స్‌లోకి లాగేసుకున్నారని కథ. మా సీనియర్లలో ఈ కథ చెప్పనివాళ్ళు లేరు. చెప్పిన ప్రతిసారీ రామన్ గారి గొంతు ఇంకాస్త పెద్దదయ్యేది.

రామన్ గారికి వజ్రాల పిచ్చి. ఆ వజ్రాల మీదే జి.ఎన్.ఆర్. తొలి పనులు. వజ్రం లోపల ఎక్కడ ఏ లోపం ఉందో ఎక్స్‌రేతో పటం గీసినట్టు చూపించారు, 1944 ప్రాంతంలోనే. తర్వాత రెండేళ్ళు కేంబ్రిడ్జిలో కావెండిష్ ల్యాబు, 1949లో అక్కడి డాక్టరేటు, మళ్ళీ బెంగళూరు.

ఇక మద్రాసుకి ఎలా వచ్చారంటే, అదొక కథ. వైస్ ఛాన్సలర్ లక్ష్మణస్వామి మొదలియారు గారు ఫిజిక్స్ డిపార్ట్‌మెంటు పెట్టదలిచి ముందు రామన్ గారినే రమ్మన్నారు. ఆయన రానని, నా శిష్యుడున్నాడు తీసుకోండి అన్నారు. అలా 1952లో, ముప్పై ఏళ్ళు నిండీ నిండకుండానే, జి.ఎన్.ఆర్. ప్రొఫెసరూ హెడ్డూ అయ్యారు. ఈ రోజుల్లో ఆ వయసుకి పోస్ట్‌డాక్ కోసం మెయిళ్ళు పెట్టుకుంటూ ఉంటారు పాపం.

*

మా పని స్ఫటికం పెంచడంతో మొదలయ్యేది. ద్రావణం బీకర్లో పోసి, పైన కాగితం కట్టి, గుండుసూదితో నాలుగు చిల్లులు పొడిచి, ఎవరూ కదపని మూల పెట్టాలి. నీరు మెల్లగా ఆరుతుంటే అడుగున స్ఫటికాలు పడతాయి. మద్రాసు ఉక్కలో ఆ నీరు ఓ పట్టాన ఆరదు. వారాలు పట్టేది. ఒక్కోసారి తెల్లారేసరికి స్ఫటికాలకి బదులు తెల్లటి పొడి ఉండేది. అప్పుడు మళ్ళీ వేడి నీళ్ళు, మళ్ళీ కాగితం, మళ్ళీ గుండుసూది.

పడినవాటిలో మంచిదాన్ని ఏరడం ఒక విద్య. మైక్రోస్కోపు కింద రెండు పోలరైజర్ల మధ్య పెట్టి తిప్పితే మంచి స్ఫటికం ఒక కోణం దగ్గర నిండా చీకటైపోతుంది. సగం చీకటి, సగం వెలుతురు ఉందంటే రెండు స్ఫటికాలు అంటుకుని ఉన్నాయన్న మాట, పారెయ్యాల్సిందే. ఏరినదాన్ని గాజు పోగు కొసన జిగురుతో అతికించేవాళ్ళం. అప్పుడు ఊపిరి బిగబట్టాలి. ఫ్యాను ఆపేయాలి. మే నెలలో ఫ్యాను ఆపిన గదిలో, నుదుటి చెమట కంట్లోకి దిగుతుంటే, గాజు పోగు కొసకి కంటికి కనపడీ కనపడని రవ్వని అంటించడం ఎలా ఉంటుందో చేసినవాళ్ళకే తెలుసు.

తర్వాత వైసెన్‌బర్గ్ కెమెరా. ఫిలిమ్‌ని గొట్టంలా చుట్టి స్ఫటికం చుట్టూ పెడతాం. స్ఫటికం చెదరగొట్టిన ఎక్స్‌రేలు దాని మీద చుక్కలుగా పడతాయి. స్ఫటికం తిరుగుతుంటే ఆ గొట్టం కూడా దాంతో పాటే పట్టాల మీద ముందుకీ వెనక్కీ నడుస్తుంది. గుర్‌ర్‌మంటూ ఆ చివరికి పోయి, టక్‌మని స్విచ్ తగిలి, మళ్ళీ గుర్‌ర్‌మంటూ ఈ చివరికి. ఒక్కో ఫిలిమ్‌కి రెండు రోజులు పైనే. ఆ చప్పుడు నాకు ఎంత అలవాటైపోయిందంటే, నెల్లూరు వెళ్ళినప్పుడు రాత్రి నిశ్శబ్దానికి నిద్ర పట్టేది కాదు.

ఎక్స్‌రే ట్యూబుకి చల్లటి నీళ్ళు ఆగకుండా పారుతుండాలి. లేకపోతే లోపలి రాగి కరిగిపోతుంది. నీటి ఒత్తిడి తగ్గగానే మెషిన్ దానంతట అది ఆగిపోయేలా ఏర్పాటుంది. ఇంకేం, మద్రాసు నీళ్ళ సంగతి ఎవరికి తెలియదు? ఎండాకాలం కుళాయి సన్నగిల్లిందంటే మా రెండు రోజుల ఎక్స్‌పోజరు సగంలో కూలబడేది. రాత్రిళ్ళు ఆడపిల్లలు ల్యాబులో ఉండటానికి ఒప్పుకునేవాళ్ళు కాదు. డార్క్‌రూమ్ చూసుకునే పెద్దాయన, అందరం అణ్ణా అని పిలిచేవాళ్ళం, రాత్రి పదింటికి ఒకసారి వచ్చి మీటర్లు చూసి వెళ్ళేవాడు. ఆయన జీతంలో ఆ పని లేదు. పొద్దున నేను గేటు దగ్గరికి రాగానే దూరం నుంచే చెయ్యి ఊపేవాడు. చెయ్యి పైకి ఊపితే మెషిన్ నడుస్తోందని, అడ్డంగా ఊపితే నా ఖర్మ అని.

*

గిండీ క్యాంపస్‌కి రోడ్డు అవతలే సెంట్రల్ లెదర్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్. గాలి ఇటు మళ్ళితే ఒక్కోసారి తోళ్ళ వాసన వచ్చేది. తెలుగువాళ్ళం ఆ వైపు కాస్త గర్వంగా చూసేవాళ్ళం, ఎందుకంటే 1958లో దానికి డైరెక్టరు అయింది మన తెనాలి వైపు యలవర్రులో పుట్టిన నాయుడమ్మ గారు. జి.ఎన్.ఆర్.కి పెద్ద పేరు తెచ్చిన పని మొదలైంది అంతకు ముందే గానీ, దాంట్లో ఆ రోడ్డుకి అవతలివాళ్ళ చెయ్యి ఉంది.

1952లో ఇంగ్లండ్ నుంచి జె.డి. బెర్నాల్ మద్రాసు వచ్చారు. ప్రోటీన్ల మీద ఎక్స్‌రే పని చేసిన తొలితరం మనిషి. ఏ సమస్య పట్టుకుంటే బాగుంటుందని జి.ఎన్.ఆర్. వెతుక్కుంటున్న రోజులవి. కొల్లాజెన్ నిర్మాణం ఇంకా తేలలేదు, ఉన్న నమూనాలేవీ కుదరడం లేదు అని బెర్నాల్ అన్నారట. కొల్లాజెన్ అంటే మన చర్మంలో, ఎముకల్లో, స్నాయువుల్లో ఉండే ప్రోటీను. తోలు అంటే ముఖ్యంగా అదే. తోలు పరిశోధన సంస్థ గేటు ఎదురుగా ఉంది! అక్కడి నుంచి వచ్చింది కంగారూ తోకలోని స్నాయువు. కొల్లాజెన్ పోగులు అందులో శుభ్రంగా, వరసగా ఉంటాయి కాబట్టి ఎక్స్‌రే బొమ్మ బాగా పడుతుంది.

ఈ సంగతి నేను మా అమ్మకి చెప్పాను. అమ్మ చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "మడి కట్టుకునే రోజుల్లో మాత్రం ల్యాబులోంచి తిన్నగా వంటింట్లోకి రాకు" అంది.

గోపీనాథ్ కార్తా అనే పరిశోధకుడితో కలిసి జి.ఎన్.ఆర్. ఆ బొమ్మలతో కుస్తీ పట్టారు. పోగుల ఎక్స్‌రే బొమ్మలో స్ఫటికానికి ఉన్నన్ని చుక్కలు ఉండవు. కొన్ని మసక చారికలు, అంతే. మిగతాది రసాయన శాస్త్రం చెప్పాలి. ప్రోటీన్ అంటే అమైనో ఆమ్లాలు పూసల్లా గుచ్చిన గొలుసు. కొల్లాజెన్‌లో ఆ ఆమ్లాల్లో మూడో వంతు గ్లైసీన్ అనేదే. అంటే ప్రతి మూడో స్థానంలో గ్లైసీన్ ఉండాలని వాళ్ళు పట్టారు. మూడు గొలుసులు పక్కపక్కన మెలి తిరిగి ఉంటే, ఆ ప్రతి మూడోది లోపలి వైపు వస్తుంది. లోపల చోటు చాలా ఇరుకు. పక్కకి పొడుచుకొచ్చే గుంపు లేని గ్లైసీన్ తప్ప ఇంకేదీ అక్కడ పట్టదు. 1954లో నేచర్ పత్రికలో ఇది అచ్చయింది. మరుసటి ఏడు దాన్ని సవరించి, ఆ మూడు గొలుసులూ మళ్ళీ ఒకదాని చుట్టూ ఒకటి పేనుకుని ఉంటాయని చెప్పారు. చంద్రుడు ఎప్పుడూ ఒకే ముఖం భూమికి చూపిస్తూ తిరగడంలోంచి ఆయనకి ఆ ఆలోచన తట్టిందని చెబుతారు. ప్రతి గొలుసూ తన గ్లైసీన్ వైపే లోపలికి తిప్పి ఉంచాలి మరి.

మద్రాసులో కొత్తగా పెట్టిన డిపార్ట్‌మెంటు, అప్పటికి రెండేళ్ళే. ఇదంతా నాకు చెప్పిన సీనియరు, "పోగు వాళ్ళది, బొమ్మ మాది, లెక్క మాది, కాఫీ మాత్రం ఎవరి డబ్బులు వాళ్ళవి" అనేవారు.

*

ఆ కథలో నాకు బాగా నచ్చే భాగం ఆ తర్వాత జరిగింది. కాంటీన్‌లో అందరూ దాన్ని కోపంగా చెప్పేవాళ్ళు. నాకు ఆ కోపం అంటలేదు.

1955లో కేంబ్రిడ్జి నుంచి అలెగ్జాండర్ రిచ్, ఫ్రాన్సిస్ క్రిక్ కొల్లాజెన్ మీద తమ నమూనా వేశారు. మూడు గొలుసుల మెలి అదే. కానీ మద్రాసు నమూనాలో కొన్ని పరమాణువులు ఒకదానికొకటి మరీ దగ్గరగా ఉన్నాయని, అంత దగ్గరగా ఉండటం కుదరదని తప్పు పట్టారు. గొలుసుల్ని పట్టి ఉంచే హైడ్రోజన్ బంధాలు ప్రతి మూడు అమైనో ఆమ్లాలకీ రెండని మద్రాసు, ఒకటని కేంబ్రిడ్జి. తర్వాత వచ్చిన స్ఫటిక నిర్మాణాలు ఈ ఒక్క విషయంలో కేంబ్రిడ్జి వైపే మొగ్గాయి. మెలి సంగతి ముందు చెప్పింది మాత్రం మద్రాసు. ఆ ఖ్యాతి ఎవరికి దక్కాలన్న గొడవ మా కాంటీన్‌లో నా రోజుల్లో కూడా సాగుతూనే ఉండేది. "నోబెల్ ఎగరేసుకుపోయారు" అని బల్ల గుద్దినవాళ్ళున్నారు. వాళ్ళిద్దరిలో నోబెల్ వచ్చింది క్రిక్‌కి మాత్రమేనని, అదీ డీఎన్ఏ మీదేనన్న సంగతి ఆ వేడిలో ఎవరికీ గుర్తుండేది కాదు.

జి.ఎన్.ఆర్. ఏం చేశారంటే, అసలు "మరీ దగ్గర" అంటే ఎంత, అని అడిగారు. ఎవరో అన్నారని కాదు, కొలిచి చెప్పండి. అప్పటికి నిర్మాణం తెలిసిన అమైనో ఆమ్లాలు, చిన్న పెప్టైడుల (కొద్ది అమైనో ఆమ్లాల గొలుసుల) స్ఫటికాలన్నీ వెతికి, బంధం లేని రెండు పరమాణువులు నిజంగా ఎంత దగ్గరికి వస్తున్నాయో ఒక పట్టిక వేశారు. కార్బన్‌కీ కార్బన్‌కీ మధ్య మామూలుగా 3.2 ఆంగ్‌స్ట్రాములు (ఒక ఆంగ్‌స్ట్రాము అంటే సెంటీమీటరులో పది కోట్లో వంతు), మరీ అయితే 3.0. హైడ్రోజన్‌కీ హైడ్రోజన్‌కీ 2.0, మరీ అయితే 1.9. పట్టిక చిన్నదే. అది నేను నోట్‌బుక్ అట్ట లోపలి వైపు రాసుకుని పెట్టుకున్నాను.

ఇక శశిశేఖరన్, రామకృష్ణన్ గార్లతో కలిసి ప్రోటీన్ గొలుసునే పట్టుకున్నారు. గొలుసులో రెండు అమైనో ఆమ్లాలు కలిసే ప్రతి చోటా ఒక బల్లపరుపు పలక. మూలలు కలిపి పట్టుకున్న రెండు పేకముక్కలు ఎలా తిరుగుతాయో, పక్కపక్క పలకలు మధ్య కార్బన్ దగ్గర అలా తిరుగుతాయి. తిరగడానికి రెండే కోణాలు, ఫై ఒకటి, సై ఒకటి. ఒకదాన్ని అడ్డంగా, ఒకదాన్ని నిలువుగా వేసి గళ్ళ కాగితం గీసి, ప్రతి గడి దగ్గరా పరమాణువుల దూరాలు లెక్కకట్టి, పట్టిక ఒప్పుకుంటే ఉంచు, ఒప్పుకోకపోతే కొట్టెయ్. చివరికి కాగితంలో ఎక్కువ భాగం కొట్టేసిన గళ్ళే మిగిలాయి. బతికిన చిన్న ద్వీపాల్లోనే అమెరికా శాస్త్రవేత్త పౌలింగ్ చెప్పిన ఆల్ఫా హెలిక్సూ (స్ప్రింగులాంటి చుట్ట), బీటా షీట్లూ (పక్కపక్కన పరిచిన గొలుసులు), కొల్లాజెన్ మెలీ అన్నీ పడ్డాయి. 1963లో ఐదు పేజీల పేపరు. దాన్నే ఇప్పుడు ప్రపంచమంతా రామచంద్రన్ ప్లాట్ అంటోంది.

ఆ లెక్కలు ఎలా కట్టారనుకున్నారు? చేత్తో తిప్పే ఫాసిట్ కాలిక్యులేటర్ల మీద. నా రోజులకి కూడా మా ల్యాబులో రెండు ఉండేవి. టైపుమిషన్ అంత బరువు. అంకెలు నొక్కి, పక్కనున్న పిడి తిప్పాలి. కూడికకి ముందుకి, తీసివేతకి వెనక్కి. భాగహారం అయితే వెనక్కి తిప్పుతూనే ఉండాలి, ఎక్కువైపోగానే టంగ్‌మని గంట కొడుతుంది. అప్పుడు ఒకసారి ముందుకి తిప్పి, బండిని ఒక స్థానం జరిపి, మళ్ళీ తిప్పుడు. మధ్యాహ్నం పూట నలుగురు నాలుగు బల్లల మీద లెక్కలు చేస్తుంటే కరకర, కరకర, టంగ్. ఎవరి గంట ఎప్పుడు మోగుతుందో నడవాలోంచి వెళ్తున్నా చెప్పగలిగేవాళ్ళం. గంట తక్కువ మోగుతోందంటే ఆ బల్ల మనిషి కునికిపాట్లు పడుతున్నట్టు.

సైన్ కొసైన్ విలువల కూడికలకి, ఫూరియే లెక్కలంటారు వాటిని, బీవర్స్-లిప్సన్ పట్టీలు. కొయ్య పెట్టెలో నిలబెట్టిన సన్నటి అట్ట పట్టీలు, వేలకొద్దీ. కావలసినవి ఏరి కింద కిందగా పేర్చి నిలువునా కూడితే ఎలక్ట్రాన్ సాంద్రత వస్తుంది, అంటే స్ఫటికంలో పరమాణువులు ఎక్కడెక్కడున్నాయో తెలుస్తుంది. పని అయ్యాక ఏ పట్టీ ఎక్కడిదో అక్కడే పెట్టాలి. పట్టీ తారుమారైతే ఇంటికెళ్ళే బస్సు తప్పిపోయినట్టే. మా గైడు దేనికీ కోప్పడేవారు కాదు, ఆ పెట్టె తెరిచి వదిలేస్తే మాత్రం ఊరుకునేవారు కాదు. తర్వాత ఐఐటీలో పెద్ద ఐబీఎం కంప్యూటరు వచ్చింది. కార్డుల కట్టలు రబ్బరు బ్యాండు వేసి పట్టుకెళ్ళి ఇచ్చి, మర్నాడు పొద్దున్నే పరుగెత్తడం. ఒక కామా పడకపోతే నాలుగు లైన్ల అచ్చు కాగితం చేతికొచ్చేది, రాత్రంతా వేచి ఉన్నందుకు.

*

చుక్కల నలుపుని కంటితో అంచనా కట్టడం గురించి చెప్పకపోతే ఈ రాతకి అర్థం లేదు. ఫిలిమ్ మీద వందల చుక్కలుంటాయి. కొన్ని సిరా చుక్కంత నల్లగా, కొన్ని ఉన్నాయో లేవో తెలియకుండా. ఏది ఎంత నలుపో అంకెల్లో కావాలి. ముందే ఒకే చుక్కని రకరకాల సమయాల పాటు ఎక్స్‌పోజ్ చేసి ఒక పట్టీ తయారుచేసుకుంటాం. లైటు పెట్టె మీద ఫిలిమ్ పెట్టి, ఆ పట్టీని చుక్క పక్కన జరుపుతూ, దేంతో సరిపోతుందో చూసి అంకె పైకి చెప్పాలి. ఇంకొకరు రాసుకోవాలి.

నా జంట ఒక తమిళ అమ్మాయి. తను "పదినాలుగు" అంటే నేను "కాదక్కా, పదహారు" అనేదాన్ని. నాకన్నా చిన్నదే, అయినా అక్కా అంటే దానికి సంతోషం. అంకెలు తమిళంలో మొదలై ఇంగ్లీషులోకి పోయి అలసిపోయాక ఎవరి భాషలోకి వాళ్ళం వచ్చేసేవాళ్ళం. దాని పుణ్యమా అని నాకు ఇప్పటికీ తమిళంలో నూరు దాకా తడుముకోకుండా వచ్చు, కూరగాయలు కొనడం మాత్రం రాదు. మధ్యాహ్నం డబ్బా తెరిస్తే తనది పెరుగన్నం, నాది గోంగూర. కొన్నాళ్ళకి డబ్బాలు మారిపోయాయి.

ఇప్పుడు ఈ పనంతా డిటెక్టరు కొన్ని నిమిషాల్లో చేస్తుంది. మంచిదే. నా కళ్ళజోడు నంబరు చూస్తే ఎవరైనా మంచిదే అంటారు.

*

జి.ఎన్.ఆర్. బెంగళూరులో మాలిక్యులర్ బయోఫిజిక్స్ యూనిట్ పెట్టారు. 1977లో రాయల్ సొసైటీ ఫెలో అయ్యారు. తర్వాతి ఏళ్ళలో తర్కశాస్త్రం మీద మనసు పడింది. మన న్యాయ దర్శనాన్నీ, జైనుల స్యాద్వాదాన్నీ మాత్రికల లెక్కల్లో పెట్టే పని చేశారు. నాకు అది అంతుపట్టలేదు, ప్రయత్నించిన మాట నిజం. 1998లో భార్య రాజలక్ష్మి గారు పోయారు. జి.ఎన్.ఆర్. పార్కిన్సన్స్ జబ్బుతో చాలా బాధపడ్డారు. 1999లో అంతర్జాతీయ క్రిస్టలోగ్రఫీ యూనియన్ ఇవాల్డ్ బహుమతి ఇచ్చింది. ఆ రంగంలో అంతకన్నా పెద్దది లేదు. 2001 ఏప్రిల్ 7న చెన్నైలో పోయారు. ఆ సోమవారం నేను పాఠం చెప్పే కాలేజీలో స్టాఫ్ రూమ్‌లో ఆ వార్త చదివి వినిపిస్తే, "ఏ రామచంద్రన్? సినిమా ఆయన పోయి చాలా ఏళ్ళయింది కదా" అన్నారొకరు.

పోయినేడు మా ఆయనకి పొట్టలో నొప్పి వస్తే సీటీ స్కాన్ రాశారు. కారిడార్లో కూర్చుని ఉంటే అవతలి గదిలో మెషిన్ తిరిగే చప్పుడు వినిపిస్తోంది. స్కానర్లో ఎక్స్‌రే మనిషి చుట్టూ తిరుగుతూ రకరకాల కోణాల్లోంచి నీడలు తీస్తుంది. ఆ నీడలన్నిట్నీ కలిపి లోపలి అడ్డకోత బొమ్మ కట్టాలి. దానికి ఫూరియే లెక్కలు తిరగమరగ చెయ్యక్కర్లేదు, ఒక్కో నీడనీ ఒక ఫిల్టరు గుండా పంపి తిరిగి పరిస్తే చాలు, పని త్వరగా అవుతుంది, బొమ్మ కూడా స్పష్టంగా వస్తుంది అని జి.ఎన్.ఆర్., ఎ.వి. లక్ష్మీనారాయణన్ గార్లు 1971లో పేపరు రాశారు. లండన్‌లో హౌన్స్‌ఫీల్డ్ కట్టిన తొలి సీటీ స్కానర్లోకి మొదటి రోగిని పంపింది కూడా ఆ ఏడాదే. వాళ్ళ ఫిల్టరు పేరు పుస్తకాల్లో రామ్-లాక్. ఇరవై ఏళ్ళ పాటు ఫూరియే పట్టీలతో వేగిన మనిషికే తడుతుంది అలాంటి అడ్డదారి అని నా నమ్మకం.

స్కానింగు కుర్రాడు బయటికొచ్చాడు. పాతికేళ్ళు కూడా ఉండవు. ఆపుకోలేక అడిగాను, "బాబూ, మీ మెషిన్లో రామ్-లాక్ ఫిల్టరుంటుంది, తెలుసా? అందులో రామ్ అంటే మద్రాసు ప్రొఫెసరు." వాడు మర్యాదగా తలూపి, "రిపోర్టు సాయంత్రం ఆరింటికి మేడమ్, వాట్సాప్‌లో వచ్చేస్తుంది" అన్నాడు.

మా ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటూ బయటికొచ్చారు. ఆయనకి కూడా రామ్-లాక్ సంగతి చెప్పబోయాను. "అది తర్వాత చెబుదువుగానీ, పొద్దున్నుంచి ఏమీ తినలేదు, ఇడ్లీ తినొచ్చో లేదో ముందు ఆ అబ్బాయిని అడుగు" అన్నారు. తినొచ్చట. కింద కాంటీన్లో రెండో ప్లేటు అయ్యేలోపు కొల్లాజెన్ దాకా చెప్పగలిగాను.